మా కొబ్బరితోటలో బాంబులు పేల్చి వెళ్ళారు, కింద గ్యాసు పడ్డట్టేనా?

కొబ్బరాకు:
అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర ఒక లంక ఊరు. నేను హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నాను, రాళ్ళూ రప్పల సంగతి నాకు తెలీదు. పోయిన నెల మా తోటలోకి ఒక కంపెనీ తరఫున సర్వేవాళ్ళు వచ్చారు. వరసగా ఎర్రజెండాలు పాతి, జెండా జెండాకీ చిన్న బోరు దింపి, అందులో మందు పెట్టి పేల్చారట. తోటంతా వైర్లు పరిచి, వాటికి మేకుల్లాంటివి తగిలించి నేలలో గుచ్చారు. నాలుగు రోజుల్లో అన్నీ చుట్టేసుకుని వెళ్ళిపోయారు. తొక్కిన అరటికి నాన్నగారి చేతిలో కొంత డబ్బు పెట్టారు.

ఇప్పుడు ఊళ్ళో ఒకటే మాట, “మీ తోటలో గ్యాసు పడిందంట.” ఒక బ్రోకరు అప్పుడే ఇంటికొచ్చి ఎకరం ఎంతకిస్తారని అడిగి వెళ్ళాడు. నా అనుమానం ఒక్కటే: ఆ వైర్లతో కింద గ్యాసు ఉందో లేదో నిజంగా తెలుస్తుందా?

గోదారిగట్టు:
ఆయ్, బ్రోకరుకి కాఫీ ఇచ్చి పంపెయ్యండి బాబూ. మా తాతల కాలంలో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తోటంతా తిరిగేవారు, కాయ నిలబడ్డచోట నూయి తవ్వేవారు. నీళ్ళు పడితే కాయ గొప్ప, పడకపోతే తవ్వినోడి తప్పు. ఈ సర్వేకీ దానికీ తేడా ఏంటో పెద్దలు చెబితే నేనూ వింటాను.

ఒకటి మాత్రం చెప్పగలను. 1995 జనవరి 8న పాశర్లపూడి గ్యాసు బావి పేలింది. 65 రోజులు మండింది. మా ఊళ్ళో రాత్రిళ్ళు దీపం పెట్టుకోవాల్సిన పని లేదు, ఆకాశమంతా ఎర్రగా ఉండేది. మార్చి 15న ఆరేదాకా ఆ హోరు చెవుల్లోంచి పోలేదు. కాబట్టి మన కాళ్ళ కింద గ్యాసుందా అని నన్నడిగితే, ఉంది. మీ తోట కిందే ఉందా అంటే ఆ మేకులోళ్ళే చెప్పాలి.

అలల_మాష్టారు:
మేకులోళ్ళలో నేనొకణ్ణండీ! ముప్పై ఏళ్ళు సీస్మిక్ డేటాతోనే, అంటే నేలలో చప్పుడు చేసి తిరిగొచ్చే ప్రతిధ్వనుల లెక్కలతోనే, గడిపి రిటైరయ్యాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మీవాళ్ళు నేలలో గుచ్చిన మేకు పేరు జియోఫోను. నేల కదిలితే లోపలి తీగచుట్ట కదిలి చిన్న కరెంటు పుడుతుంది, అంతే దాని పని. డెల్టాలో పైమట్టి మెత్తన, బురద. అందులో పేలిస్తే చప్పుడంతా అక్కడే మింగేస్తుంది. అందుకే 20, 30 మీటర్ల బోరు దింపి గట్టిమట్టిలో పేలుస్తారు. ఆ చప్పుడు కిందికి పోతూ రాయి మారిన ప్రతిచోటా కొంచెం వెనక్కి తిరుగుతుంది. తిరిగొచ్చినదాన్ని ఐదారు సెకన్ల సేపు, సెకనుకు 500 సార్లు రాసుకుంటాం. ఒక్క పేలుడికి వందలాది జియోఫోన్లు. ఇలా వేల పేలుళ్ళు.

ఇందులో ఎక్కడా “గ్యాసు” అన్న మాట లేదు చూడండి. మాకు అందేది టైము. చప్పుడు పోయి రావడానికి 2.4 సెకన్లు పట్టింది, దారిలో సగటు వేగం సెకనుకు 2,500 మీటర్లు అనుకుంటే లోతు 3,000 మీటర్లు. వేగం అంచనా నూటికి నాలుగు తప్పితే లోతులో 120 మీటర్లు తేడా వస్తుంది. రిగ్గువాడు 3,000 దగ్గర ఇసుకరాయి తగులుతుందని ఎదురుచూస్తుంటే అది 3,120 దగ్గర తగులుతుంది. ఆ వంద మీటర్లూ అందరూ నా మొహమే చూస్తుంటారు.

మేం వెతికేది ఆకారాన్ని. గ్యాసు నీటికన్నా తేలిక కాబట్టి రాతి సందుల్లోంచి పైకి పాకుతుంది. పైన గట్టి బంకరాయి మూతలా ఉండి, ఆ మూత బోర్లించిన మూకుడులా వంగి ఉంటేనో, భ్రంశం (రాతిపొరలు విరిగి జారిన చోటు) అడ్డుగా నిలిస్తేనో అక్కడ ఆగుతుంది. మూకుడు కనిపిస్తుంది. మూకుడు కింద కూర ఉందా, ఖాళీయా అన్నది వేరే ప్రశ్న.

కొబ్బరాకు:
మాష్టారూ, అర్థమైంది. అయితే మా ఊరి కింద మూకుడు ఉందో లేదో కూడా ఇంకా తెలీదన్నమాట?

అలల_మాష్టారు:
మీ తోట సంగతి నాకు తెలీదు, మీ ప్రాంతం సంగతి చెప్పగలను. రాజమండ్రి దగ్గర కాతేరు, పంగిడి క్వారీల్లో నల్లరాయి చూశారా? సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట పడమటి కనుమల వైపు నుంచి పారివచ్చిన లావా అది. ఆ రాయే మీ వైపు వచ్చేసరికి వేల మీటర్ల లోతుకి దిగిపోతుంది. భూగర్భ పుస్తకాల్లో దాని పేరు మీ ఊరి పేరే, రాజోలు ఫార్మేషన్, అంటే రాజోలు రాతిపొర. దానిపైన పాలకొల్లు షేలు (షేలంటే బంకరాయే), దానిపైన పాశర్లపూడి ఫార్మేషన్, మత్స్యపురి ఇసుకరాయి. రాళ్ళ పేర్లన్నీ మన బస్సు స్టాపులే.

చిక్కు ఎక్కడంటే, పై బంకరాయిలో చప్పుడు సెకనుకు మూడు వేల మీటర్లు పోతే నల్లరాయిలో ఐదు వేలు దాటుతుంది. ఆ తేడాకి చప్పుడు మామూలుకన్నా చాలా ఎక్కువగా అక్కడే తిరగబడుతుంది. కింద ఉన్న రాఘవాపురం షేలూ, గొల్లపల్లి ఇసుకరాయీ చూడాలంటే తెర వెనక దీపం చూసినట్టే. రాఘవాపురం షేలు ఈ కృష్ణా-గోదావరి బేసిన్లో (మట్టి పేరుకుని రాయైన పల్లంలో) చమురూ గ్యాసూ పుట్టించిన ముఖ్యమైన రాళ్ళలో ఒకటి, అదే మసకగా కనిపిస్తే ఎంత కడుపుమంటో ఊహించుకోండి.

హ్యూస్టన్_బావ:
మాష్టారు ఆకారం దగ్గర ఆపేశారు. సముద్రం వైపు, తక్కువ లోతులో, వయసు తక్కువ రాళ్ళలో గ్యాసు కొన్నిసార్లు నేరుగానే కనిపిస్తుంది. ఇసుకరాయి సందుల్లో నీళ్ళ బదులు గ్యాసు చేరితే రాయి మెత్తబడుతుంది, ప్రతిధ్వని గట్టిగా వస్తుంది. బొమ్మలో అక్కడ మెరుస్తుంది, బ్రైట్ స్పాట్ అంటాం. గోదావరి ముందరి లోతు సముద్రంలో పాతకాలపు కాలువలు మెలికలు తిరుగుతూ మెరుస్తుంటే, ఆకాశంలోంచి గోదావరి పాయలు చూసినట్టే ఉంటుంది. నిజంగా అందమైన డేటా.

కానీ మోసం కూడా అక్కడే ఉంది. కారు బ్రేకు గొట్టంలో నూనె నిండుగా ఉంటే పెడలు గట్టిగా ఉంటుంది. కొంచెం గాలి చేరిందా, పెడలు పూర్తిగా మెత్తబడిపోతుంది. సగం గాలి చేరక్కర్లేదు, బుడగ చాలు. రాయీ అంతే. సందుల్లో నూటికి 5, 10 వంతులు గ్యాసున్నా, 80 వంతులున్నా వేగం పడిపోవడం దాదాపు ఒకలాగే ఉంటుంది. అంటే అమ్ముకునేంత గ్యాసూ, సోడాబుడ్డిలో ఉన్నంత గ్యాసూ ఒకేలా మెరుస్తాయి. దీన్ని మేం ఫిజ్ గ్యాస్ అంటాం. ఇది పట్టుకోలేక ఎండిన బావులు తవ్వినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు.

ధ్వని ఏటవాలుగా తగిలినప్పుడు ప్రతిధ్వని ఎలా మారుతుందో చూస్తాం, ఏవీఓ అని. దానివల్ల ఇది నల్లరాయా, బొగ్గా, గ్యాసా అన్నది కొంత తేలుతుంది. ఎంత గ్యాసు అన్నది తేలడం కష్టం.

సింగరేణి_పోరడు:
నేను గోదావరిఖని. మా దిక్కు బొగ్గు కోసం బోరేసి అండ్ల లాగింగ్ పరికరం, గదే బోరు గోడల రాయిని కొలిచేది, దింపుతరు. బొగ్గు తేలిక గదా, డెన్సిటీ గీత పక్కకు పోతది, గామా (రాయిలకెల్లి వచ్చే రేడియేషన్) తక్కువైతది, పొర ఎంత మందమో ఇంచులతో సహా తెలుస్తది. మీ గ్యాసు బాయిలల్ల గూడ గదే పరికరమా? గట్లయితే ఈ బాంబులు గీంబులు ఎందుకన్న, సీదా బోరేసి చూడరాదు?

లాగింగ్_తాత:
తమ్ముడూ, మీ బొగ్గూ మా గ్యాసూ చుట్టాలే. మీ దగ్గర పైకి కనిపించే గోండ్వానా అనే పాత బొగ్గురాళ్ళు గోదావరి వెంబడి దిగి డెల్టా కింద దూరిపోతాయి. కొమ్ముగూడెం ఫార్మేషన్ అని పెర్మియన్ అనే పాతకాలపు బొగ్గు పొరలున్నాయి, మండపేట గ్యాసుకి అదొక పుట్టిల్లు.

సీదా బోరేస్తే సరిపోదా అన్నావు. మీ బోరు వందల మీటర్లు, మాది మూడు నాలుగు వేలు. ఒక్కోదానికి కోట్లకి కోట్లు. పైగా బావి వెడల్పు అడుగు కూడా ఉండదు. మా పరికరం ఆ గోడ నుంచి ఒక మీటరో రెండో లోపలికి చూస్తుంది. పది అడుగుల అవతల ఏముందో దానికి తెలీదు. కానీ చూసినంతవరకూ ప్రతి 15 సెంటీమీటర్లకీ ఒక లెక్క ఇస్తుంది. మాష్టారి సీస్మిక్కో? వేగం 3,000, ఫ్రీక్వెన్సీ 30 అయితే అల పొడుగు 100 మీటర్లు, అందులో నాలుగోవంతు, అంటే 25 మీటర్లకన్నా పల్చటి పొరని అది విడదీసి చూడలేదు. ఎనిమిది అంతస్తుల మేడ దానికి ఒక గీత. మేడలో ఎవరింట్లో ఏం వండుతున్నారో నేను చెబుతాను, ఊరెక్కడిదాకా ఉందో ఆయన చెబుతాడు.

ఇక లాగుల సంగతి, అంటే మా పరికరం గీసే గీతల సంగతి. గామా బంకరాయినీ ఇసుకనీ వేరుచేస్తుంది. న్యూట్రాను, డెన్సిటీ గీతలు గ్యాసున్న ఇసుకలో ఒకదాన్నొకటి దాటుకుని ఎదురు వంకలకి పోతాయి. ఆ దాటడం చూసినప్పుడల్లా నాకిప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. మూడోది రెసిస్టివిటీ, అంటే కరెంటుని అడ్డుకునే గుణం. ఉప్పునీళ్ళు కరెంటుని పోనిస్తాయి, నూనే గ్యాసూ పోనివ్వవు. 1927లో ఫ్రాన్సులో పెషెల్‌బ్రాన్ అనే చోట ష్లంబర్జర్ అన్నదమ్ముల మనుషులు మొదటిసారి చేత్తో గీసింది ఈ గీతనే.

1942లో ఆర్చీ దీనికి లెక్క కట్టాడు. ఉదాహరణకి రాతిలో సందులు నూటికి 20, లోపలి నీటి రెసిస్టివిటీ 0.1, లాగులో కనిపించింది 10 అనుకో. 0.2ని వర్గం చేసి తలకిందులు చేస్తే 25. దాన్ని 0.1తో గుణించి 10తో భాగిస్తే 0.25. దాని వర్గమూలం 0.5. అంటే సందుల్లో సగం నీళ్ళు, సగం మన సరుకు. లాగులో 10 బదులు 40 వచ్చుంటే నీళ్ళు పావువంతే.

ఇంత చెప్పాను కదా, నేను మోసపోయిందీ చెబుతాను. ఒక బావిలో అర్ధరాత్రి రెసిస్టివిటీ ఆకాశానికి లేచింది. బేస్ క్యాంపులో టీలు, మిఠాయిలు. న్యూట్రాను, డెన్సిటీ దాటుకోలేదని నేను నసిగాను, ఎవరూ వినలేదు, నేనూ గట్టిగా అరవలేదు. టెస్టు చేస్తే వచ్చింది ఏమీ లేదు. ఇసుక సందుల్లో సున్నం పట్టేసి రాయి బిగుసుకుపోయింది. కరెంటు పోయే సందే లేకపోతే రెసిస్టివిటీ ఎక్కువ కాక ఏమవుతుంది! దీనికి తిరగేసిందీ ఉంది. ఇసుకా బంకా అంగుళాల మందాన పొరలు పొరలుగా ఉంటే బంకలోంచి కరెంటు పారిపోయి, గ్యాసున్న ఇసుక కూడా నీళ్ళదానిలా కనిపిస్తుంది. అలాంటివి దాటేసి బావి మూసేస్తే నీ నసీబు.

విశాఖ_జియో:
తాతగారూ, మాష్టారూ, మంచి సమయంలో దొరికారు. నేను విశాఖలో జియోఫిజిక్స్ ఎం.ఎస్సీ. చదువుతున్నాను. ప్రాజెక్టుకి ఉత్తర సముద్రంలోని నెదర్లాండ్స్ ఎఫ్3 బ్లాకు డేటా తీసుకున్నాను, త్రీడీతో పాటు నాలుగు బావుల లాగులు ఉచితంగా దొరుకుతాయి కదా. సోనిక్ (రాతిలో శబ్దవేగం), డెన్సిటీ గుణించి, ప్రతిధ్వనులు లెక్కగట్టి సింథటిక్, అంటే లాగుల నుంచి అల్లిన ఉత్తుత్తి సీస్మిక్, చేశాను. సీస్మిక్ పక్కన పెడితే కలవడం లేదు. పైన సరిపెడితే కింద 30 మిల్లీసెకన్లు తప్పుతోంది. మా సారు “కొంచెం సాగదీయమ్మా, సరిపోతుంది” అంటున్నారు. సాగదీస్తే నిజంగానే సరిపోతోంది, అదే నా భయం.

అలల_మాష్టారు:
తల్లీ, నీ భయం బంగారం. ఆ భయం పోయిన రోజున నేను చేసిన ఘనకార్యం చెబుతాను. ఒకసారి సింథటిక్‌ని అక్కడ లాగి ఇక్కడ నొక్కి కోరిలేషన్ (రెండూ ఎంత కలిశాయన్న కొలత) 0.9 తెచ్చి మీటింగులో చప్పట్లు కొట్టించుకున్నాను. తర్వాత బావిలోకి రిసీవరు దింపి, పైన శబ్దం చేసి నిజం టైములు కొలిస్తే, నేను గుర్తించిన పొర ఒకటి, అసలు పొర దాని కిందది. రబ్బరుని సాగదీస్తే దేనికైనా సరిపోతుంది.

ముందు ఇవి చూడు. చెక్‌షాట్ టైములు, అదే ఇందాక చెప్పిన బావిలో రిసీవరు కొలతలు, ఉన్నాయా? సోనిక్ పరికరం వేల సైకిళ్ళ శబ్దంతో కొలుస్తుంది, సీస్మిక్ పదుల సైకిళ్ళతో. రెండు వేగాలూ కొద్దిగా తేడా, అది మీటర్ మీటరుకీ పోగవుతూ కింద 30 మిల్లీసెకన్లు కావచ్చు. చెక్‌షాట్‌తో సరిచేస్తే చాలావరకు పోతుంది. తర్వాత కాలిపర్ గీత, బావి వెడల్పు చెప్పేది. బంకరాయి దగ్గర బావి గోడ విరిగి గుంతపడితే డెన్సిటీ పరికరం రాతిని కాక బురదని కొలుస్తుంది, సింథటిక్‌లో లేని ప్రతిధ్వని పుడుతుంది. చివరికి పొలారిటీ, అంటే గట్టిరాయి తగిలితే గీత పైకి లేవాలా, కిందికి దిగాలా అన్న ఒప్పందం. ఒకళ్ళకి కొండ, ఇంకొకళ్ళకి లోయ. సముద్రపు నేల ఏ రంగులో వచ్చిందో చూడు, నీటిలోంచి మట్టిలోకి దిగుతుంటే గట్టిపడాలి కదా, దాన్నిబట్టి తేలుతుంది. ఇవన్నీ అయ్యాక కూడా కలవకపోతే కలవలేదని రాయి. నీ థీసిస్‌లో అన్నిటికన్నా విలువైన పేజీ అదే అవుతుంది.

లాగింగ్_తాత:
కాలిపర్ సంగతి మాష్టారే చెప్పినందుకు సంతోషం. సీస్మిక్‌వాళ్ళు దాన్ని చూడరని మా జాతి ఫిర్యాదు.

కృష్ణలంక_శాస్త్రి:
ఇంత శాస్త్రం ఉంటే మరి ఈ కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్ అంచనాలు ఎందుకు తలకిందులయ్యాయి సార్? 2005లో కాకినాడ ముందరి దీన్‌దయాళ్ నిక్షేపం 20 లక్షల కోట్ల ఘనపుటడుగులన్నారు. తర్వాత చూస్తే అందులో పదోవంతు చుట్టూ తిరిగింది. రిలయన్సు వాళ్ళ డీ6 బ్లాకు సంగతి సరేసరి. 2002లో కనుక్కున్నారు, 2009 ఏప్రిల్‌లో గ్యాసు గాడిమొగకి వచ్చింది, రోజుకి 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందన్నారు, 2010లో 6 కోట్లు ముట్టుకుని అక్కణ్ణుంచి జారుడుబండ. అందులోని డీ1, డీ3 నిక్షేపాల బావులు 2020లో పూర్తిగా ఆగిపోయాయి. మెరిసిన బొమ్మలు ఏమైనట్టు?

హ్యూస్టన్_బావ:
రెండూ ఒక గాటన కట్టకండి శాస్త్రిగారూ. దీన్‌దయాళ్‌లో ఇసుక ఉంది, గ్యాసూ ఉంది, కానీ చాలా లోతు, విపరీతమైన ఒత్తిడీ వేడీ, రాయి బిగువు. ఉన్న గ్యాసు వేరు, పారే గ్యాసు వేరు. అది బావిని టెస్టు చేసి, ఒత్తిడి ఎలా పడుతుందో చూస్తేగానీ తెలీదు. మొదటి బావితోనే అంకె ప్రకటించడం శాస్త్రం చేసిన తప్పు కాదు, మైకు చేసిన తప్పు.

డీ6లో ఇసుక కాలువల్లో ఉంది. కాలువ ఒడ్డునీ మధ్యనీ బొమ్మలో ఒకేలా మెరుస్తాయి, కానీ ఒడ్డున ఇసుక పల్చటి పొరలు, మధ్యలో దిబ్బలు. ఒక దిబ్బకీ ఇంకో దిబ్బకీ మధ్య బంక అడ్డుందా లేదా అన్నది ఆ బొమ్మ చెప్పదు. గ్యాసు తోడుతున్నకొద్దీ నీళ్ళూ ఇసుకా బావుల్లోకి వచ్చాయి. భూగర్భమే అంత అని కంపెనీ, అనుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం. ఆ పంచాయితీలో నేను దిగను.

అదే దిబ్బల సంగతి ఇంకో గొడవ కూడా తెచ్చింది. పక్క బ్లాకు ఓఎన్‌జీసీది. తమ గ్యాసు సరిహద్దు దాటి రిలయన్సు బావుల్లోకి పోయిందని వాళ్ళ ఫిర్యాదు. డీగోల్యర్ అండ్ మెక్‌నాటన్ అనే అమెరికా సంస్థ సీస్మిక్కూ, లాగులూ, ఒత్తిడి లెక్కలూ కలిపి చూసి, రెండువైపుల దిబ్బలూ కలిసే ఉన్నాయని 2015లో తేల్చింది. సుమారు 1,100 కోట్ల ఘనపు మీటర్లు దాటిందని లెక్క. 2018లో ఆర్బిట్రేషను (మధ్యవర్తుల) తీర్పు రిలయన్సు వైపు వచ్చింది, 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. నీళ్ళ గట్టు తగాదాలు మన ఊళ్ళకి కొత్తా? ఇది సముద్రం కింద.

లాగింగ్_తాత:
ఒత్తిడి మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. నాకు అన్నిటికన్నా నమ్మకమైన సాక్షి అదే. బావిలో వేర్వేరు లోతుల్లో ఒత్తిడి కొలిచి కాగితం మీద చుక్కలు పెడతాం. నీళ్ళయితే ప్రతి 10 మీటర్లకీ చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ చొప్పున పెరుగుతుంది. నూనెయితే 0.7, 0.8. గ్యాసయితే 0.2 దగ్గర. గీతలు రెండూ ఎక్కడ కలిస్తే అక్కడ గ్యాసు అడుగు, నీటి మట్టం. బావి నీళ్ళదాకా దిగకపోయినా ఆ మట్టం ఎక్కడో గీత పొడిగించి చెప్పొచ్చు. ఆ లోతునే సీస్మిక్‌లో చూస్తే కొన్నిసార్లు అక్కడ ఒక చదునైన మెరుపు కనిపిస్తుంది. వంగిన రాళ్ళ మధ్య చదునుగా ఉండేది సాధారణంగా ద్రవమట్టమే కదా. లాగూ, ఒత్తిడీ, ఆ చదును గీతా మూడూ ఒకే లోతు చెబితే, అప్పుడు మిఠాయి తినొచ్చు.

సింగరేణి_పోరడు:
తాత, గిప్పుడు అంతా ఏఐ అంటున్నరు గదా. బొమ్మలిస్తే అదే చెప్పదా గ్యాసు ఏడుందో?

విశాఖ_జియో:
భ్రంశాలు గీయడం, పొరలు వెంబడించడం చాలా త్వరగా చేస్తోంది, నేనూ వాడుతున్నాను. కానీ దానికి నేర్పడానికి కావలసిన జవాబులు బావుల్లోనే ఉంటాయి. నా దగ్గర ఉన్నవి నాలుగు బావులు, సీస్మిక్ గీతలు వందలు. ఉత్తర సముద్రంలో నేర్చినదాన్ని రాజోలు మీద పెడితే అది నల్లరాయిని ఎప్పుడూ చూసి ఉండదు.

మాష్టారూ, చెక్‌షాట్ పెట్టాను. 30 మిల్లీసెకన్ల తేడా 8కి దిగింది! మిగిలిన 8 సాగదీయలేదు.

అలల_మాష్టారు:
శభాష్. ఆ 8 కూడా రాయి.

కొబ్బరాకు:
మొత్తం నాన్నగారికి ఫోన్‌లో చదివి వినిపించాను. బ్రేకు పెడలు దగ్గర “ఊఁ” అన్నారు. చివరికి “అంటే బావి తవ్వితేగానీ వాళ్ళకీ తెలీదన్నమాట. సరే, తవ్వి గ్యాసు పడిందే అనుకో, మనకేంటి?” అని అడిగారు.

గోదారిగట్టు:
ఆయ్, పైన కొబ్బరి మనది, కింద గ్యాసు సర్కారుది. బావికి చోటు కావాలంటే లీజు సొమ్మిస్తారు, పోయిన చెట్టుకి పరిహారమిస్తారు. రాయల్టీ ప్రభుత్వానికి పోద్ది. గ్యాసుందని ఎకరం ధర పెంచి కొనేవోడుంటే వాడికి ఈ ముక్క తెలీదు, తక్కువకి అడిగేవోడుంటే బాగా తెలుసు. మీ బ్రోకరు ఏ రకమో చూసుకోండి.

కొబ్బరాకు:
తక్కువకే అడిగాడండి 😀

ఇంకొకటి. పేల్చిన బోర్లలో ఒకటి సరిగ్గా పూడ్చలేదట, వానకి కుంగి దూడ కాలు దిగబడింది. నాన్నగారి అసలు బాధ గ్యాసు గురించి కాదు, ఆ గుంత గురించి.

అలల_మాష్టారు:
పరిహారం ఇచ్చినప్పుడు సంతకం పెట్టించుకున్న కాగితం ఉంటుంది, దానిమీద లైను నంబరూ, షాట్ పాయింటు నంబరూ రాసి ఉండాలి. గుంత పక్కన ఎర్రజెండా పుల్ల మిగిలి ఉంటే దానిమీదా అదే నంబరు ఉంటుంది. గుంత ఫొటో తీసి, ఆ నంబరు వేసి, క్యాంపు ఆఫీసుకీ తహసీల్దారుకీ ఒక అర్జీ ఇవ్వండి. పూడ్చడం వాళ్ళ పనే. ఈలోగా దూడని అటు కట్టకండి, చుట్టూ నాలుగు కొబ్బరిమట్టలు అడ్డం వెయ్యండి.

కొబ్బరాకు:
పుల్ల ఉందటండి. పాదుకి పందిరి గుంజగా పాతారట. రేపు పీకి నంబరు చూసి చెబుతానన్నారు.